డెట్రాయిట్ నది వాలై కోసం ఇంట్లో పోసుకునే జిగ్‌లు: అల్యూమినియం అచ్చుపై నా సమీక్ష

ఏప్రిల్‌లో గుడ్లు పెట్టడానికి ఈరీ సరస్సు నుంచి ఏటికి ఎదురెక్కి వచ్చే వాలై చేపలను అమెరికా, కెనడాల సరిహద్దులోని డెట్రాయిట్ నదిలో పట్టాలంటే, పడవను నీటి వాలుకు వదిలి, సీసపు తల పోసిన గాలమైన జిగ్‌ను నిట్టనిలువుగా దించి, అది అడుగును తాకుతూ లేస్తూ ఉండేలా చూసుకోవాలి. ఉరవడి ఎక్కువగా ఉన్న చోట తేలికపాటి జిగ్ నిలవదు. ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాముల సీసం కావాలి. అలాంటివి రాళ్ల సందుల్లో చిక్కుకుని ఒక్క ఉదయంలోనే పదేసి తెగిపోతుంటే చూడలేక, గుండ్రటి తల జిగ్‌లు పోసే అల్యూమినియం అచ్చు ఒకటి కొని రెండు శీతాకాలాలుగా వాడుతున్నాను.

అచ్చు పనితనం మెచ్చుకోదగినది. రెండు పలకలనూ మూసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్య నుంచి వెలుగు రాదు. అయినా మొదటి రోజు పోసిన వాటిలో సగం వికృతంగా వచ్చాయి, ఎందుకంటే చల్లని అచ్చులో సీసం మెడ దగ్గరికి చేరకముందే గడ్డకడుతుంది. గుంతలకు కొవ్వొత్తి మసి పట్టించి, గాలాలు పెట్టకుండా ఐదారుసార్లు పోసి అచ్చును వేడెక్కించిన తరువాత, తల నున్నగా, ఎర జారిపోకుండా పట్టుకునే మెడ పదునుగా వచ్చాయి. మెత్తని సీసమైతే పైన మిగిలిన తోకను పటకారుతో మెలిపెట్టగానే ఊడివస్తుంది.

నాకు నచ్చనిది ఒకటే. గాలం కూర్చునే గాడి ఒక ప్రత్యేకమైన గాలానికి మాత్రమే సరిపోతుంది, కానీ అచ్చుతో వచ్చిన కాగితంలో సైజు తప్ప మోడల్ లేదు. అదే సైజులో కాస్త లావు తీగ గాలాలు పెడితే పలకలు పూర్తిగా మూసుకోక, సీసం బయటికి పాకి తల చుట్టూ పల్చని రెక్కలా మిగిలింది. ఆ రోజు పోసినవన్నీ తిరిగి కరిగించవలసి వచ్చింది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దానిలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరి పేలి కరిగిన లోహం ముఖం మీదికి చిమ్ముతుంది కాబట్టి రక్షణ కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. వంటగది పొయ్యినీ గిన్నెలనూ ఈ పనికి ఎన్నడూ వాడకూడదు; పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. పౌడర్ పెయింట్ గట్టిపడేందుకు కూడా నేను విడిగా ఒక పాత ఓవెన్ ఉంచుకున్నాను. సీసపు జిగ్‌లు మింగి లూన్ అనే నీటి పక్షులు చనిపోతున్నందున, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఔన్సు, అంతకు తక్కువ బరువున్న వాటిని మంచినీటిలో వాడనివ్వరు. అటువైపు వెళ్లేవారు గమనించాలి.

కిలో సీసానికి ముప్పావు ఔన్సు జిగ్‌లు నలభైకి పైగా వస్తాయి. ప్రతి వసంతంలో వారం వారం నదికి వెళ్లేవారు ఈ అచ్చును నిస్సంకోచంగా కొనవచ్చు, అయితే దానికి సరిపడే గాలం మోడల్ ఏదో అమ్మేవారిని ముందే అడిగి, రెండూ కలిపి తీసుకోవాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లే వెళ్లేవారికి దుకాణంలో దొరికే జిగ్‌లే మేలు.