విశాఖలో ట్రెక్ గైడ్ శిక్షణ: చేరేముందు తెలుసుకోవాల్సినవి

కొండలెక్కడం ఇష్టమున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు విశాఖలో చాలామందే ఉన్నారు. దాన్నే బతుకుతెరువు చేసుకోవాలనేసరికి "మనవల్ల అవుతుందా" అని ఆగిపోతారు. నగరంలో ఒక సంస్థ శని, ఆదివారాల్లో నడుపుతున్న ట్రెక్ గైడ్ శిక్షణ ఈ సందేహం మీదే పనిచేస్తుంది. ఉపన్యాసాలివ్వరు, బాధ్యతను కొంచెం కొంచెంగా చేతిలో పెడతారు. మొత్తం మీద మంచి శిక్షణే. రెండు విషయాల్లో మాత్రం బాగా వెనకబడింది.

మొదటి నడకలు కంబాలకొండ అభయారణ్యంలో, అటవీశాఖ అనుమతించిన దారుల్లో ఉంటాయి. కొత్తవాళ్ళను ముందు నడవనివ్వరు, గుంపులో చివరి మనిషిగా పెడతారు. దారి చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టి ముందున్న గైడ్‌కి చెప్పడమే వాళ్ళ పని. చిన్నపనిలా కనిపిస్తుంది గానీ మనుషులు తప్పిపోయేది ఎక్కువగా చీలికల దగ్గరే. అది అలవాటయ్యాకే ముందు నడిచే వంతు వస్తుంది. అప్పుడు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు: కంగారులో అడుగు వేగం పెరిగి, వెనకాల గుంపు రెండుగా తెగిపోతుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని తమ వెనకే రెండో స్థానంలో నడిపించమని ఇక్కడ నేర్పుతారు. ఆ ఒక్క మార్పుతో గుంపు తెగకుండా ఉంటుంది.

సమయం లెక్క కూడా బాగా చెబుతారు. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట అన్నది పాత సూత్రం. ఆ ప్రకారం 6 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి గంటా 42 నిమిషాలు. విశాఖ ఉక్కపోతలో కొత్తవాళ్ళతో అది కుదరదు. గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకే సగం కలిపి రెండున్నర గంటలు వేసుకోమంటారు. లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను మొత్తం ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. చిన్న సీసాలో సగం ప్యాకెట్ ఉజ్జాయింపుగా పోస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. మాట తడబడుతూ ఒళ్ళు కాలిపోతున్న మనిషిని నీడకు చేర్చి, నీళ్ళు పోసి, విసురుతూ ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలింపు. ఈ క్రమాన్ని నోటికి వచ్చేదాకా చేయిస్తారు.

మాకు అన్నిటికన్నా నచ్చింది వెనక్కి తిరిగే అభ్యాసం. పైదాకా చేరినా చేరకపోయినా ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరేముందే కాగితం మీద రాయాలి. దారిలో శిక్షకుడే మొండి కస్టమర్ అవతారమెత్తి "డబ్బు కట్టాను, పైదాకా తీసుకెళ్ళాల్సిందే" అని నిలదీస్తాడు. "పదిన్నర అయిందండీ, ఇక్కడి నుంచి దిగుతున్నాం" అని గొంతు పెంచకుండా, క్షమాపణలు చెప్పకుండా అనగలగాలి. మొదట్లో చాలామంది మెత్తబడి ఇంకో పావుగంట ఇచ్చేస్తారు. నాలుగైదుసార్లు చేశాక గొంతులో నిలకడ వస్తుంది. ఆత్మవిశ్వాసం మీద ఎన్ని క్లాసులు పెట్టినా ఇది రాదు. ఇంగ్లీషు రాదని జంకే తెలుగు మీడియం పిల్లలకు జాగ్రత్తలు చెప్పే వాక్యాలు కొన్ని ఇంగ్లీషులో, హిందీలో బట్టీ పట్టిస్తారు. శీతాకాలంలో అరకు వైపు వచ్చే బెంగాలీ పర్యాటకులతో ఆ హిందీ బాగా పనికొస్తుంది.

మాలావత్ పూర్ణ పేరు ఇక్కడ తరచూ వినిపిస్తుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి రాతిగుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి. పేదింటి పిల్లలకు ఆ ఉదాహరణ గొప్ప ధైర్యం. అయితే తాను శిఖరం ఎక్కడం వేరు, పదిమందిని క్షేమంగా దింపడం వేరు. ఆ తేడా మొదటి రోజే చెప్పాలి.

ఇక లోపాలు. పాముకాటును హడావిడిగా ముగించేస్తారు. గట్టిగా కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. ఇవన్నీ చేత్తో చేయించాలి, బోర్డు మీద రాస్తే చాలదు. రెండోది డబ్బు. శీతాకాలంలో పని దండిగా ఉంటుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలకు చాలావరకు ఆగిపోతుంది. ఆ నెలలు ఎలా గడపాలో ఒక్క క్లాసులోనూ చెప్పరు. చాలామంది ఈ వృత్తి వదిలేసేది భయంతో కాదు, ఆ వేసవి అద్దె కట్టలేక. సీజన్ సంపాదనలో కొంత పక్కన పెట్టడం, బడిపిల్లల వేసవి శిబిరాలతో ముందే మాట్లాడుకోవడం నేర్పితే ఎంతో మేలు.

తాళ్ళ సాయంతో నిట్టనిలువు రాళ్ళెక్కడం, మంచు కొండలు లక్ష్యమైతే ఇది సరిపోదు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేయాల్సిందే. ఆ కోర్సు కష్టం తట్టుకోవడానికి ఈ నడకలు మంచి పునాది.

తాళ్ళు, హార్నెస్ (తాడు తగిలించడానికి నడుముకు కట్టుకునే పట్టీ) సంస్థే ఇస్తుంది, బూట్లు మాత్రం మనవి. నడిస్తే పాదాలు ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట, మందం సాక్సుతో వేసి చూసి కొనండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లకు క్లాసులు రద్దవుతుంటాయి. డిసెంబరు బ్యాచ్ నయం. ముందే చేరాల్సివస్తే రద్దైన రోజులకు బదులు ఎప్పుడు పెడతారో ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా తీసుకోండి.