రేణిగుంట నుంచి చవక విమానాలు: డబ్బు లెక్క సరే, టైము లెక్క?

తిరుపతి నుంచి విమానం ఎక్కేవాళ్లకి చవక కంపెనీయా, ఖరీదు కంపెనీయా అని బేరీజు వేసుకునే అవకాశం తక్కువ. దేశంలోపల తిరిగే ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా ఒక్క ఇండిగోనే మోస్తోంది. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలోనూ ఎక్కువగా కనిపించేది ఆ నీలం తోకలే. ఏళ్ల తరబడి ఈ విమానాల్లోనే తిరుగుతూ, ఏ విమానం ఎక్కణ్ణించి వస్తోంది, ఎందుకు ఆలస్యమవుతోంది అని గమనిస్తూ వచ్చిన మీదట నా అభిప్రాయం ఇది. ధర విషయంలో ఈ కంపెనీలు జనం తిట్టుకునేంత అన్యాయంగా లేవు. భద్రతలో లోటు చేయడం లేదు. మన టైము విషయంలో మాత్రం అన్యాయం జరుగుతోంది, దానికి నిబంధనలే సందు ఇస్తున్నాయి.

ముందు ధర సంగతి. చవకగా అమ్మగలగడానికి కారణం విమానాన్ని నేల మీద నిలబెట్టకపోవడం. దిగిన అరగంటలోపు మళ్లీ లేపేస్తారు. రోజుకి పన్నెండు గంటలకు పైగా గాల్లోనే ఉంచాలని చూస్తారు. ఒకటి రెండు రకాల విమానాలే పెట్టుకుంటే పైలట్ల శిక్షణ, విడిభాగాల నిల్వ అన్నీ తగ్గుతాయి. ఎయిర్‌బస్ ఏ320లో 180 నుంచి 186 సీట్లు, ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్ 72లో 78 సీట్లు ఇరికిస్తారు. భోజనం, సీటు ఎంపిక, అదనపు లగేజీ విడివిడిగా అమ్ముతారు. చిన్న బ్యాగుతో, ఇంట్లో టిఫిను తిని వచ్చేవాడు పక్కవాడి ముప్పై కిలోల సూట్‌కేసు ఖర్చు భరించక్కర్లేదు. నా దృష్టిలో ఇది న్యాయమే. చిరాకంతా అమ్మే తీరుతోనే. మొదట కనిపించిన ధరకి చివర్లో కన్వీనియన్స్ ఫీజు మనిషికింత, ఒక్కో ప్రయాణానికింత అని తోడవుతుంది. నలుగురు కుటుంబం రానూపోనూ బుక్ చేస్తే అది ఎనిమిది సార్లు పడుతుంది. అందుకే ధరలు పోల్చేటప్పుడు డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లి, అక్కడి మొత్తాన్నే పోల్చాలి.

సీటు కోసం డబ్బు కట్టాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. వెబ్ చెక్ ఇన్‌లో అన్నీ డబ్బు సీట్లే చూపిస్తుంటే ఆ మెట్టు దాటేయండి, లేదా కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ఏదో ఒక సీటు ఉచితంగా ఇచ్చి తీరాలి. కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు అదనంగా వసూలు చేయకూడదని 2022 జులైలో పౌర విమానయాన శాఖ స్పష్టంగా చెప్పింది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని, అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది. పిల్లల కోసమని సీట్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి. పేరు విషయంలో మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందా వెనకా అన్న తిప్పలు ఎప్పుడూ ఉండేవే. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కొన్న టికెట్‌లో పేరు తప్పు పడితే 24 గంటల్లోపు చెప్పండి, ఉచితంగా సరిచేయాలి. ఏజెంటు యాప్‌లో కొంటే ఆ వెసులుబాటు ఉండదు.

టికెట్ రద్దు చేసుకున్నా, అసలు విమానమే ఎక్కకపోయినా, అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కివ్వాలి. నాన్ రిఫండబుల్ ఆఫర్ టికెట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. రద్దు చార్జీ మూల ధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. చాలామంది ఈ డబ్బు అడగరు కాబట్టి అలాగే మిగిలిపోతుంది.

భద్రత గురించి ఒక్క మాట. టికెట్ చవక కదా అని విమానానికి చేసే తనిఖీలు చవకగా ఉండవు. ఏ కంపెనీ అయినా డీజీసీఏ ఆమోదించిన మెయింటెనెన్స్ ప్రోగ్రామే పాటించాలి. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం 2023లో బయటపడ్డాక, ఆ ఇంజన్లున్న ఏ320 నియోలు పదుల సంఖ్యలో నేల మీదే ఉండిపోయాయి. అంటే అనుమానమున్న ఇంజను ఎగరలేదన్నమాట. తగ్గిన విమానాలతో షెడ్యూలు నెట్టుకురావడం వల్ల కలిగే బాధ మాత్రం మన గడియారం మీద పడింది.

ఇక లగేజీ. సాధారణ టికెట్‌పై చెక్ ఇన్‌కి 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు. చెక్ ఇన్ లగేజీ లేని టికెట్లని ఇంకాస్త చవకగా అమ్ముకోవచ్చని 2021లో డీజీసీఏ అనుమతించింది. అలాంటి టికెట్ కొని పెట్టె తీసుకెళ్తే కౌంటర్లో కట్టే డబ్బుకి ఆదా అంతా ఆవిరైపోతుంది. అదనపు బరువు ఉంటుందని తెలిస్తే ముందే సైట్‌లో 3, 5, 10 కిలోల లెక్కన కొనుక్కోవాలి. కౌంటర్లో కిలోకి కొన్ని వందలు అడుగుతారు. తిరుపతి ప్రయాణికుల లెక్క తప్పేది ప్రసాదం దగ్గరే. చిన్న లడ్డూలు ఆరు కలిస్తే దాదాపు కిలో. బంధువులందరికీ అని ముప్పై తీసుకుంటే ఐదు కిలోలు అక్కడే అయిపోతాయి. లడ్డూ చేతి సంచిలోనే పెట్టుకోవచ్చు, సెక్యూరిటీలో ఆపరు. ఎండుకొబ్బరితో మాత్రం జాగ్రత్త. దానిలోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే స్వభావం ఉంది కాబట్టి అంతర్జాతీయంగా దాన్ని ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. పెట్టెలో పెడితే స్కానర్ దగ్గర మిమ్మల్ని వెనక్కి పిలిచి తీయిస్తారు. నూనె తేలే పచ్చడి సీసా చేతి సంచిలో వద్దు, గట్టిగా మూత బిగించి చెక్ ఇన్‌లో వేయండి. పవర్ బ్యాంకుకి దీనికి తిరగబడి లెక్క. అది చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా.

రేణిగుంటకి ఏటీఆర్ వస్తోందా, ఏ320 వస్తోందా అన్నది బుక్ చేసేటప్పుడే చూడండి. ఏటీఆర్‌లో అటు రెండు, ఇటు రెండు సీట్లే కాబట్టి మధ్య సీటు గొడవ లేదు. పై అర చిన్నది. చక్రాల సూట్‌కేసు పట్టకపోతే మెట్ల దగ్గరే తీసుకుని సామాన్ల అరలో వేస్తారు, అందుకే మందులు, ఫోను, తాళాలు విడిగా చిన్న సంచిలో ఉంచుకోండి. తలుపు వెనక వైపు ఉంటుంది, వెనక వరసలవాళ్లే ముందు దిగుతారు. ప్రొపెల్లర్లు ముందు భాగానికి దగ్గర కాబట్టి మోత అక్కడే ఎక్కువ. రెక్క పైన ఉంటుంది గనక కిటికీకి అడ్డం రాదు. మన రన్‌వే 08/26, దాదాపు తూర్పు పడమరలు. తూర్పు ముఖంగా దిగితే శేషాచలం కొండలు ఎడమ కిటికీ వైపు, పడమర ముఖంగా దిగితే కుడి వైపు. వాన వెలిసిన మరునాటి ఉదయం ఆ కొండల్ని చూడటానికైనా కిటికీ సీటుకి డబ్బు కట్టొచ్చు. నేను మనస్ఫూర్తిగా కట్టే అదనపు రుసుము అదొక్కటే.

అసలు విషయం టైము. మన దగ్గర సాయంత్రం లేచే విమానం పొద్దున్నుంచీ నాలుగైదు ఊళ్లు తిరిగి వస్తుంది. అరగంటలో తిప్పి పంపే పద్ధతిలో ఎక్కడా సడలింపు ఉండదు. పొద్దున బెంగళూరు పొగమంచులో పోయిన నలభై నిమిషాలు సాయంత్రం రేణిగుంటకి వచ్చేసరికి గంటన్నర అవుతాయి. అందుకే ఇక్కణ్ణించి నమ్మకంగా వెళ్లాలంటే ఆ విమానం ఆ రోజు చేసే మొదటి రెండు మూడు ప్రయాణాల్లోదే ఎంచుకోవాలి. ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబరు వెతికి, దానికి కేటాయించిన విమానం వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ చూసి, ఆ విమానం ఇప్పుడు ఎక్కడుందో చూడండి. అది హైదరాబాద్‌లో ఇంకా లేవకపోతే, కంపెనీ నుంచి ‘ఆన్ టైమ్’ అని మెసేజ్ వచ్చినా నమ్మక్కర్లేదు. హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఆకాశ మార్గం దాదాపు 420 కిలోమీటర్లే అయినా ఏటీఆర్‌కి గంటా పావు పడుతుంది. దాని మీద ఇంకో అరగంట కలుపుకుంటే మీ నిజమైన టైము తెలుస్తుంది.

నిబంధనల సందు ఇక్కడే ఉంది. మనలాంటి చిన్న దూరం విమానం రెండు గంటలు దాటి ఆలస్యమైతే టిఫినో భోజనమో పెట్టాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య లేవాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. ఇంత చెప్పినా, ఆలస్యానికి నష్టపరిహారం అని నగదు రూపాయి కూడా లేదు. ఐదున్నర గంటలు కూర్చోబెడితే కంపెనీకయ్యే ఖర్చు ఒక పొట్లం, ఒక నీళ్ల సీసా. చెప్పాపెట్టకుండా రద్దు చేస్తే నగదు ఇవ్వాలి. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల దాకా 7,500, ఆ పైన 10,000. అక్కడ కూడా ఈ మొత్తమా, మీ టికెట్ మూల ధరా ఇంధన చార్జీ కలిపినదా, ఏది తక్కువైతే అదే. అంటే రెండు వేల మూల ధర టికెట్ కొన్నవాడి రోజంతా పాడైతే, దాని విలువ రెండు వేలు. సీట్ల కంటే ఎక్కువ అమ్మి ఎక్కించకపోతే లెక్క వేరు. గంటలోపు వేరే విమానం చూపించకుండా 24 గంటల్లోపు పంపితే మూల ధరకి రెట్టింపు, గరిష్ఠంగా 10,000. అంతకు మించితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వల్ల అయితే పరిహారం ఉండదు. సిబ్బంది కొరత మాత్రం వాటి కిందికి రాదు, కౌంటర్లో ఆ మాట అంటే రాయించుకోండి.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు సడలింపు లేని ఈ బిగుతు షెడ్యూలు ఎంత ప్రమాదమో దేశమంతా చూసింది. పైలట్లకి వారంలో 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గింపు అన్న కొత్త నిబంధనలకి తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోలేదు. మిగిలిన సీట్ల ధరలు ఆకాశాన్నంటితే డిసెంబర్ 6న ప్రభుత్వం 500 కిలోమీటర్ల దాకా 7,500, వెయ్యి దాకా 12,000 అని గరిష్ఠ పరిమితి పెట్టింది. విశ్రాంతి నిబంధన సరైనదే. అలిసిన పైలట్ నడిపే విమానంలో నేను కూర్చోను.

చిన్న ఊళ్లకి ఇంకో నష్టం కూడా ఉంది. చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే ప్రభుత్వ పథకం ఉడాన్ కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27నే కడప నుంచి హైదరాబాద్‌కి ట్రూజెట్ ఎగిరింది. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీయే ఆగిపోయింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగినప్పుడు టికెట్లు కొన్నవాళ్ల డబ్బు చిక్కుకుపోయింది. నెలల ముందు చవకగా దొరికింది కదా అని బలహీనంగా ఉన్న కంపెనీలో పెద్ద మొత్తం పెట్టవద్దు.

చిత్తూరువాళ్లకి రేణిగుంట ఒక్కటే దిక్కు కాదు. రేణిగుంట ఎనభై కిలోమీటర్లు, చెన్నై విమానాశ్రయం నూట యాభై, బెంగళూరు విమానాశ్రయం రోడ్డు మీద మూడు గంటల పైమాట. ఢిల్లీ, ముంబై వెళ్లాలంటే చెన్నై నుంచి నేరుగా వెళ్లడమే మేలు. రేణిగుంట నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్తే రెండు ముక్కలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా రెండో కంపెనీకి సంబంధం లేదు. హైదరాబాద్ ఒక్కటే అయితే తిరుపతి నుంచి వందే భారత్ దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్ చేరుస్తుంది, చిత్తూరు నుంచే బయల్దేరే వెంకటాద్రి కూడా ఉంది. టికెట్ ధర, టాక్సీ, రెండు గంటల ముందు చేరడం కలిపి చూస్తే ప్రతిసారీ విమానమే గెలుస్తుందని లేదు.

దర్శనం రోజే తిరుగు విమానం పెట్టుకునేవాళ్లకి: 300 రూపాయల దర్శనం అయినా క్యూ ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కొండ దిగే ఘాట్ రోడ్డులో తొందరపడటానికి వీల్లేదు, నిర్ణీత సమయం కంటే ముందే కిందికి చేరితే జరిమానా. తిరుమల నుంచి రేణిగుంటకి గంటన్నర పట్టుకోండి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఒప్పుకోరు. రెండు గంటలు లేటయ్యే కంపెనీ మన దగ్గర అయిదు నిమిషాలు వదలదు.

ఏదైనా జరిగితే కౌంటర్ దగ్గర గొడవ పడకుండా ఆలస్యానికి కారణం మెసేజ్‌లోనో మెయిల్‌లోనో అడగండి. బోర్డింగ్ పాస్, మెసేజ్‌ల ఫొటోలు దాచుకుని ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. జవాబు తేడాగా ఉంటే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ యాప్‌లో పీఎన్‌ఆర్‌తో ఫిర్యాదు పెట్టండి. అక్కడ ఫైలు తెరిచాక కంపెనీల గొంతు మారడం చూస్తుంటాం. అదీ కాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇదివరకటి ఈ-దాఖిల్ స్థానంలో వచ్చిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు, మొదట్లోనే లాయరు అక్కర్లేదు. పరిహారం అడిగేటప్పుడు ‘ట్రావెల్ వోచర్ ఇస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. డబ్బు కావాలా, వోచర్ కావాలా అని ఎంచుకునేది మీరే.