రెండు గంటల డ్రమ్ క్లినిక్ కోసం బెజవాడ నుంచి సింగపూర్ దాకా

పద్దెనిమిదేళ్లుగా జాజ్ వాయిస్తున్నాను. మా బెజవాడ ఆర్కెస్ట్రాల్లో డ్రమ్ సెట్‌ని ఇప్పటికీ జాజ్ అనే అంటారు. పగలు ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాను. ఆదివారం గుణదలలో మా చర్చిలో వాయిస్తాను. దసరాకీ వినాయక చవితికీ ఎవరు పిలిస్తే వాళ్ల స్టేజీ ఎక్కుతాను. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఒకే ఒక్క డ్రమ్మర్ వీడియోలు చూసి నేర్చుకున్నదే. ఆయన సింగపూర్‌లో క్లినిక్ చేస్తున్నారని తెలిసిన రోజే టికెట్ కొనేశాను. అక్కడ చెప్పినవాటిని తన పేరు పెట్టి బయట రాయొద్దని ఆయన మొదట్లోనే అందరినీ కోరారు. అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు.

డ్రమ్ క్లినిక్ అంటే కచేరీ కాదు, క్లాసు కూడా కాదు. డ్రమ్మర్ ఒక్కడే కూర్చుని కాసేపు వాయిస్తాడు, ఆపుతాడు, ఇప్పుడు ఏం చేశానో ఎందుకు చేశానో చెబుతాడు, అడిగినవాటికి జవాబిస్తాడు. ఒక్కోసారి ముందున్నవాళ్లలో ఒకరిద్దరిని పిలిచి వాయించమంటాడు. డ్రమ్స్, సింబల్స్ (వాటితో పాటు వాయించే లోహపు పళ్లేలు) తయారు చేసే కంపెనీలే చాలావరకు వీటి ఖర్చు పెట్టుకుంటాయి కాబట్టి టికెట్ మరీ ఎక్కువ ఉండదు. నాకు 50 సింగపూర్ డాలర్లు పడింది. అప్పుడు ఒక డాలరు దాదాపు 65 రూపాయలు.

వీసా దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. సింగపూర్ వీసాకి మనం నేరుగా వెళ్లి అడగలేం, అక్కడ మన తరఫున పెట్టేవాళ్లు లేకపోతే గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. మా ఊళ్లో నేను వెళ్లిన ఏజెంట్ దగ్గర కుర్రాడు నా ఉత్తరంలో 'క్లినిక్' అన్న మాట చూసి వైద్యం కోసం వెళ్తున్నానని రాసేశాడు. పైగా ఆసుపత్రి కాగితాలు ఏవని నాలుగు రోజులు తిప్పాడు. చివరికి క్లినిక్ మాట తీసేసి, సంగీత కార్యక్రమం చూడటానికి, ఊరు చూడటానికి అని మళ్లీ రాయించాను. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తే ఆ ఉత్తరం మీరే రాసుకోండి, ఏజెంట్‌కి వదిలేయొద్దు. దీనితోపాటు సింగపూర్ అరైవల్ కార్డు ఒకటి ఉంటుంది. అక్కడ దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. అది పూర్తిగా ఉచితం. దానికి కూడా డబ్బులు అడిగేవాళ్లున్నారు, ఇవ్వకండి.

గన్నవరం నుంచి విమానం ఎక్కితే సుఖమే, కానీ నేను చూసుకున్న తేదీల్లో రేటు నాకు అందలేదు. పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, స్టేషన్ కింద నుంచే మెట్రోలో ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. బ్లూ లైన్ రైలు మారే పని లేకుండా తీసుకెళ్తుంది. సామాను తక్కువ ఉన్నవాళ్లకి ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. డ్రమ్ స్టిక్స్ మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. చేతి సామానులో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదలొచ్చు, ఆపొచ్చు, అంతా అక్కడున్న మనిషి ఇష్టం. తక్కువ టికెట్‌లో చేతి సామాను 7 కిలోలే కాబట్టి, స్టిక్స్ కోసమైనా చెక్-ఇన్ బ్యాగుకి డబ్బు కట్టక తప్పలేదు.

మొదట నేను క్లినిక్ రోజు పొద్దున దిగేలా టికెట్ చూసుకున్నాను. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించే అన్న వద్దన్నాడు. "రాత్రంతా విమానంలో కూర్చుని వెళ్లి సాయంత్రం ఏం వింటావురా, ఒక రోజు ముందే వెళ్లు" అన్నాడు. నాలుగు గంటల పైన ప్రయాణం, దాని మీద వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి నిద్ర అన్నది ఉండదు. ఆ అన్న మాట వినకపోయి ఉంటే ఈ ప్రయాణమంతా వృథా అయ్యేది.

సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో దిగాక అందరూ ఎయిర్‌పోర్టు రైలెక్కి తానా మేరాలో మారమంటారు. మనవాళ్ల దుకాణాలు, హోటళ్లు ఉండే లిటిల్ ఇండియా పేటకి వెళ్లేవాళ్లకి అంతకన్నా తేలిక దారి ఉంది. మొదటి స్టేషన్ ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైన్ పట్టుకుంటే నేరుగా లిటిల్ ఇండియాలోనే దించుతుంది. మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే సరిపోతుంది, వేరే టికెట్ అక్కర్లేదు. అయితే విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకీ 60 సెంట్లు అదనంగా పడుతుంది. ఇది నాకు లిటిల్ ఇండియాలోని తిండి అంగళ్ల మార్కెట్ టెక్కా సెంటర్‌లో టీ తాగుతుంటే పరిచయమైన శ్రీకాకుళం తమ్ముడు చెప్పాడు. అక్కడ ఏదో షిప్‌యార్డులో వెల్డింగ్ పనట. నేను ఫోన్లో తెలుగులో మాట్లాడటం విని "అన్నా, ఏ ఊరు?" అని వచ్చి కూర్చున్నాడు. డ్రమ్స్ వినడానికి ఇంత దూరం వచ్చానంటే వింతగా చూడలేదు. "మా ఊళ్లో తప్పెటగుళ్లు చూడ్డానికి నేను మూడూళ్లు నడిచి పోయేవాణ్ని" అన్నాడు.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి లిటిల్ ఇండియాలో పెట్టెల్లాంటి పక్కలు ఒకదాని మీద ఒకటి ఉండే ఒక క్యాప్సూల్ హాస్టల్‌లో పడుకున్నాను, 48 డాలర్లు. శుభ్రంగానే ఉంది. కానీ పొద్దున ఏడింటికి చేరినవాణ్ని మధ్యాహ్నం మూడు దాకా పక్క ఇవ్వలేదు. బ్యాగు మాత్రం ఉంచుకున్నారు. ఏసీ చలికి రాత్రి రెండు టీ షర్టులు వేసుకోవాల్సి వచ్చింది. ఒళ్లో దిండు పెట్టుకుని స్టిక్స్‌తో మెల్లగా ప్రాక్టీస్ చేస్తే పై పెట్టెలోని మనిషి వచ్చి ఆపమన్నాడు, అతని తప్పేం లేదు. రెండో రాత్రికి ఆ దగ్గర్లోనే 115 డాలర్లకి చిన్న హోటల్ గది తీసుకున్నాను. కిటికీ లేని గది. ఆ సంగతి బుకింగ్ పేజీలో అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. అయినా సరే, క్లినిక్ అయిన రాత్రి విన్నదంతా రాసుకోవడానికీ చేతులతో చేసి చూసుకోవడానికీ తలుపు వేసుకునే గది కావాలి. రెండు రాత్రుల్లో ఒకదానికే డబ్బు పెట్టగలిగితే ఆ రాత్రికే పెట్టండి. తిండికి మాత్రం దిగులు లేదు. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె తిన్నాను. టెక్కా సెంటర్‌లో ఆరేడు డాలర్లకి కడుపు నిండుతుంది. కుళాయి నీళ్లే తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

క్లినిక్ శనివారం సాయంత్రం నాలుగింటికి. బ్రాస్ బసా వైపు ఒక సంగీత వాయిద్యాల దుకాణం, పై అంతస్తులో చిన్న హాలు. లిటిల్ ఇండియా నుంచి నడిచే వెళ్లాను. ఎనభై మంది దాకా ఉన్నారు. గంటన్నర ముందే వెళ్లినందుకు రెండో వరుసలో, సరిగ్గా హైహ్యాట్ (స్టాండు మీద ఒకదానిపై ఒకటి ఉండే జంట సింబల్స్) వైపు కుర్చీ దొరికింది. ఆయనకీ నాకూ మధ్య మూడు మీటర్లు కూడా లేదు. తలుపు దగ్గర అందరికీ చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు పంచారు. 85 డెసిబెల్స్ శబ్దం దగ్గర రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదనీ, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుందనీ, 100 దగ్గర పదిహేను నిమిషాలే హద్దనీ అక్కడ గోడ మీద రాసి ఉంది. చవితి పందిళ్లలో డీజే బాక్సుల పక్కన గంటల తరబడి నిలబడే మా వాళ్లందరూ గుర్తొచ్చారు.

ఆయన కూర్చుని పది నిమిషాలు ఆపకుండా వాయించారు. నాకు మొదట కలిగింది అయోమయం. వీడియోల్లో నాకు కంఠతా వచ్చిన అదే పద్ధతి, అయినా వేరేగా వినపడుతోంది. కుడి చెయ్యి హైహ్యాట్ మీద వేగంగా ఆడుతోంది, కానీ దాని చప్పుడు గుసగుసలా ఉంది. స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద గట్టి దెబ్బల మధ్య పడే ఘోస్ట్ నోట్స్, అంటే వినపడీ వినపడని దెబ్బల దగ్గర స్టిక్ అంగుళం ఎత్తు కూడా లేవడం లేదు. గట్టి దెబ్బకి మాత్రం భుజం దాకా లేస్తోంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్, కిక్, కడుపులో తగులుతోంది.

తర్వాత ఆయన చెప్పినదే ఈ ప్రయాణంలో నాకు దొరికిన ఆస్తి. రికార్డింగులో ప్రతి డ్రమ్‌కీ ఒక మైకు ఉంటుంది. కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, హైహ్యాట్‌కి ఒకటి, పైనుంచి రెండు. వాటిని ఇంజనీరు కూర్చుని పెంచుతాడు, తగ్గిస్తాడు. మనం వీడియోలో వినేది ఆ ఇంజనీరు చేసిన సమతూకం. డ్రమ్మర్ తన కాళ్లూ చేతుల మధ్య తానే పెట్టుకున్న సమతూకం గదిలో ఎదురుగా కూర్చుంటే తప్ప వినపడదు. పన్నెండేళ్లు నేను ఆయన చేతుల్ని చూసి నేర్చుకున్నాను. ఆయన బలాన్ని ఎక్కడ పెడతారో, ఎక్కడ దాచుకుంటారో ఒక్కరోజు కూడా వినలేదు.

మధ్యలో నోటితో తాళం చెప్పమన్నారు. నాలుగు దెబ్బల తాళం మీద ఐదేసి అక్షరాలు నడపాలి. హాలు తడబడింది. నేను చిన్నప్పుడు రెండేళ్లు మా వీధిలో ఒక మాస్టారి దగ్గర మృదంగం నేర్చుకున్నాను. చేతులు మరిచిపోయాయి గానీ నోరు మరవలేదు. 'తదిగిణతోం' అంటూ చేత్తో తాళం వేస్తే ఆయన వాయించడం ఆపి, అది ఏమిటని అడిగారు. మళ్లీ చెప్పించుకుని దాని మీదే రెండు నిమిషాలు వాయించారు. జర్నీ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న స్టీవ్ స్మిత్ మన కొన్నకోల్, అంటే నోటితో లయ పలికే విద్య, నేర్చుకుని తన కచేరీల్లో చెబుతారని నాకు ముందే తెలుసు. కానీ మా వీధి మాస్టారు నేర్పిన మృదంగం పలుకు నా నోటి నుంచి విని ఇంకో దేశపు డ్రమ్మర్ స్టిక్స్ ఆడించడం చూస్తే కళ్లు చెమర్చాయి.

ఆ చనువుతోనే కాబోలు, తర్వాత నన్ను పిలిచి వాయించమన్నారు. ఎనిమిది ఆవర్తాలు మామూలు బీట్ వాయించాను. చెయ్యి వేగం గురించో, బీట్ మధ్యలో వేసే ఫిల్ అనే ముక్క గురించో ఏదైనా అంటారనుకున్నాను. "నీ హైహ్యాట్ నీ స్నేర్ కంటే పెద్దగా ఉంది, పాడేవాళ్ల మాటలన్నీ దాని కింద పోతాయి" అన్నారు. స్టిక్ మధ్యభాగంతో హైహ్యాట్ అంచు మీద కొడుతున్న నా చేతిని పట్టుకుని, స్టిక్ కొసతో పైభాగం మీద వాయించేలా తిప్పారు. ముందు హైహ్యాట్ వినపడీ వినపడనట్టు పెట్టుకుని, దాని మీద స్నేర్, కిక్ కట్టుకుంటూ రమ్మన్నారు. నిమిషానికి 60 దెబ్బలకి మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ లయ చూపే పరికరం) పెట్టి, చేతుల మధ్య ఈ తేడా నిలిచేదాకా వేగం పెంచొద్దన్నారు. మా చర్చిలో పాస్టరమ్మగారు ఎన్నోసార్లు "బాబూ, కాస్త తగ్గించు" అన్నారు. తగ్గించడమంటే అన్నీ కలిపి తగ్గించడమే అనుకుని కిక్ కూడా తగ్గించేవాణ్ని, పాట నీరసపడిపోయేది.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. నడుచుకుంటూ సెరంగూన్ రోడ్డు దాకా వస్తే వీరమాకాళి అమ్మవారి గుడిలో నాదస్వరం, తవిల్ మోగుతున్నాయి. మన సన్నాయి మేళంలో డోలు లాంటిదే. తవిల్ వాయించే ఆయన ఎడమ చేతిలో పొట్టి కర్ర, కుడి చేతి వేళ్లకి గట్టి తొడుగులు. లోపలికి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. కర్ర దెబ్బ ఒక ఎత్తు, వేళ్ల దెబ్బ ఇంకో ఎత్తు. నాదస్వరం సాగినప్పుడు వేళ్లు అణిగిపోయి, అది ఊపిరి తీసుకున్న చోట ఒక్కసారిగా లేస్తున్నాయి. అదే సమతూకం. ఊళ్లో పెళ్లిళ్లలో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా, అది నా చెవికి అందింది ఆ సాయంత్రమే. నలభై నిమిషాలు నిలబడ్డాను.

ఆదివారం వాయిద్యాల దుకాణాలు చూశాను. పెనిన్సులా షాపింగ్ సెంటర్ చుట్టుపక్కల సంగీతం షాపులు ఉన్నాయి. క్రాష్ సింబల్ ఒకటి కొనాలని ఇంటి దగ్గర్నుంచే అనుకుని వచ్చాను. ఉన్న సింబల్ అణచి వాయించడమే రానప్పుడు కొత్తది ఎందుకనిపించి, ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత బ్రషెస్ (స్టిక్స్ బదులు మెత్తగా వాయించే తీగల కుచ్చులు) కొన్నాను, 62 డాలర్లు. అక్కడ వస్తువుల మీద 9 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆ పన్ను పర్యాటకులకి వెనక్కి రావాలంటే కనీసం 100 డాలర్ల కొనుగోలు ఉండాలి, కాబట్టి నాకు రాలేదు. సింబల్ లాంటిది కొనేవాళ్లు బిల్లు అడిగేటప్పుడే పాస్‌పోర్టు చూపించి, తిరుగు ప్రయాణంలో చాంగీలో యంత్రం దగ్గర తీసుకోవచ్చు. ఎయిర్‌పోర్టుని ఆనుకునే ఉన్న జువెల్ మాల్‌లో 40 మీటర్ల జలపాతం కూడా చూశాను. బాగుంది, పది నిమిషాలు చాలు.

తిరుగు టికెట్ విషయంలో పొరపాటు చేశాను. ఆదివారం సాయంత్రం బయల్దేరే విమానం రాత్రి పదికి చెన్నైలో దించింది. పినాకిని మర్నాడు మధ్యాహ్నం గానీ లేదు. రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీలోనే కూర్చున్నాను. కాస్త ఎక్కువైనా సోమవారం పొద్దున చేరే విమానమే తీసుకోండి. మొత్తం ఖర్చు: విమానం రానూపోనూ 21 వేలు, వీసా ఏజెంట్‌తో కలిపి మూడున్నర వేలు, బస పదిన్నర వేల పైన, తిండీ లోకల్ ప్రయాణాలూ ఐదు వేలలోపు, క్లినిక్ టికెట్ 3,250, కొన్నవి నాలుగు వేలు, రైళ్లూ చెన్నై ఖర్చూ 1,900. దాదాపు 49 వేలు. రెండు దసరాల ప్రోగ్రాముల డబ్బు అది.

వారమంతా రాత్రుళ్లు 60 దగ్గరే ప్రాక్టీస్ చేసి ఆదివారం చర్చిలో కూర్చున్నాను. మొదటి పాటలోనే సౌండ్ చూసే తమ్ముడు లేచి పాడేవాళ్ల మైకులు తగ్గించాడు. ఇన్నాళ్లూ నా మీదుగా వినపడాలని వాటిని పైకి పెట్టి ఉంచాడట. రెండో చరణంలో నా పక్కనే బేస్ గిటార్ వినపడింది. ఆ అబ్బాయి మాతో వాయించడం మొదలుపెట్టి మూడేళ్లయింది.