బోస్టన్ గొలుసు, మినియాపొలిస్ వలయం: ఏ దారి మేలు?

విడివిడి తోటలు కాకుండా ఊరంతా కలిసే పార్కులు కావాలనుకున్న అమెరికా నగరాల్లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

బోస్టన్‌లో పార్కుల రూపశిల్పి ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ ముందున్న అసలు సమస్య మురుగు. నగరంలోని బ్యాక్ బే ప్రాంతంలో మురుగునీరు సముద్రపు పోటుతో కలిసి కంపు కొట్టేది, మడ్డీ నది వరదలు అదనం. 1870ల చివర్లో ఆయన అక్కడ ఉప్పునీటి చిత్తడి నేలను మళ్లీ తయారు చేయించే పని మొదలుపెట్టాడు. వరద నిలవడానికి చోటు, జనం తిరగడానికి దారి, రెండూ ఒకే డిజైన్‌లో! ఇంజినీరింగ్‌ని ఇంత అందంగా దాచడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అదే సుమారు 1,100 ఎకరాల ‘ఎమరాల్డ్ నెక్లెస్’ అనే పార్కుల గొలుసులో భాగమైంది. అయితే 1910లో చార్లెస్ నదిపై డ్యామ్ వచ్చాక పోటు ఆగి, ఆ ఉప్పునీటి మొక్కలు బతకలేదు.

మినియాపొలిస్‌లో మరో పార్కుల రూపశిల్పి హొరేస్ క్లీవ్‌లాండ్ తొందర వేరు. 1883లో పార్కు బోర్డు ఏర్పడిన ఏడాదే సరస్సులను, మిసిసిపి ఒడ్డును చెట్ల మధ్య సాగే రోడ్లైన పార్క్‌వేలతో కలిపే ప్లాన్ ఇచ్చాడు. అలంకారాలు తర్వాత, ధరలు పెరగకముందే భూమి కొనండి అన్నది ఆయన పట్టు. నేటి ‘గ్రాండ్ రౌండ్స్’ పార్కుల వలయం దాదాపు 80 కిలోమీటర్లు.

ఇప్పుడిప్పుడే పెరుగుతున్న నగరమైతే నా ఓటు క్లీవ్‌లాండ్‌కే. డిజైన్ తర్వాతైనా మార్చుకోవచ్చు, ఇళ్లు లేచిన సరస్సు ఒడ్డును మళ్లీ కొనడం చాలా కష్టం. నది ఇప్పటికే పాడైన చోట మాత్రం ఓల్మ్‌స్టెడ్ పద్ధతే పనికొస్తుంది.