కాగితం గిన్నెకు ఏ జిగురు: మైదాదా, తెల్ల గమ్మా?

పాత పేపర్ ముక్కలు అంటించి గిన్నెలు, మాస్కులు చేయాలంటే మైదా జిగురుకు దాదాపు ఖర్చే ఉండదు. ఒక కప్పు మైదాను చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు కప్పుల మరిగే నీళ్లలో పోసి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే చిక్కబడుతుంది. సుమారు 60 డిగ్రీలు దాటాక పిండిలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. జిగట దాని నుంచే వస్తుంది. పచ్చిపిండి కలిపి పూసేవాళ్లూ ఉన్నారు గానీ, అది అంత గట్టిగా పట్టదు.

చిక్కల్లా తేమతోనే. ఒక పొర బాగా ఆరకముందే ఇంకోటి వేస్తే బూజు పడుతుంది. ఆరాక కూడా పురుగులు వదలవు. ఉప్పు కలిపితే బూజు బెడద కొంత తగ్గుతుంది.

తెల్ల గమ్, అంటే పాలీవినైల్ అసిటేట్‌తో, ఈ టెన్షన్ తక్కువ. రెండు వంతుల గమ్‌కు ఒక వంతు నీళ్లు చాలు. ఆరాక పారదర్శకంగా ఉంటుంది కాబట్టి రంగు కాగితాలకు ఇదే నయం. కాకపోతే పెద్ద వస్తువైతే డబ్బా ఇట్టే ఖాళీ అవుతుంది.

నేనైతే లోపలి పొరలు మైదాతో వేసి, అవి పూర్తిగా ఆరాక పైన రెండు పొరలు గమ్‌తో వేస్తాను. దేనితో చేసినా ఆ గిన్నెలో తినేవి పెట్టకండి.