టోరున్‌లో రేసు చూడాలంటే మొదటి మలుపే

పోలండ్‌లోని టోరున్ అనగానే అందరూ కోపర్నికస్ ఇల్లు, జింజర్‌బ్రెడ్ అంటారు. నేను వెళ్లింది మాత్రం స్పీడ్‌వే, అంటే గుండ్రటి మట్టి ట్రాకు మీద సాగే మోటారు సైకిల్ రేసుల్లో ఆస్ట్రేలియా రైడర్ క్రిస్ హోల్డర్ గెలిచిన ట్రాకు చూడటానికి. ఆయన టోరున్ క్లబ్బు వదిలి కొన్నేళ్లయినా, ట్రాకులో ఇప్పటికీ లీగు పోటీలు జోరుగా సాగుతున్నాయి.

వార్సా నుంచి రైలులో హాయిగా వెళ్లవచ్చు. ప్రధాన స్టేషను విస్తులా నదికి అవతలి ఒడ్డున ఉంది. మీ రైలు టోరున్ మియాస్తోలో ఆగితే అక్కడే దిగండి, సామానుతో వంతెన దాటే పని తప్పుతుంది. పాత పట్టణంలో నేను దిగిన బసకు లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, వేడినీళ్లు ఒకరి స్నానానికే సరి. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను. స్టేడియం చుట్టూ పెద్ద రోడ్లు, పార్కింగు తప్ప సాయంత్రం కాలక్షేపానికి ఏముంది?

శాకాహారులకు పియెరోగి రుస్కియే దిక్కు. బంగాళదుంప, జున్ను కూరి ఉడికించిన కజ్జికాయలనుకోండి. పైన వేయించిన పందిమాంసం ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి.

ఈ ట్రాకున్న స్టేడియం, మోటో అరేనా, 2009లో తెరిచారు. ప్రేక్షకుల సీట్లపై కప్పు ఉంది, ట్రాకు నిడివి 325 మీటర్లు. స్టేడియానికి పెట్టిన పేరు 1970లో రేసులో చనిపోయిన టోరున్ రైడర్ మరియన్ రోజెది. స్టేడియానికి వెళ్లే దారికి పెట్టిన పేరు స్వీడన్ ప్రపంచ విజేత పెర్ యోన్సన్‌ది. 1994లో టోరున్ తరఫున ఆడుతూ పడి, మళ్లీ నడవలేకపోయాడు. ఆ దారిన నడిచి లోపలికి వెళ్లాక, బ్రేకులే లేని బండ్లను చూస్తే గుండె ఝల్లుమంటుంది.

ముగింపు గీత ఎదుటి సీట్లు ఖరీదెక్కువ, అందం తక్కువ. మొదటి మలుపు దగ్గరే కూర్చోండి. నలుగురు రైడర్లూ ఒకేసారి దూసుకొచ్చి, ఎడమ బూటుకున్న ఇనుప తొడుగు నేలకు రాసుకుంటుండగా వెనక చక్రాన్ని జార్చుతూ తిరుగుతారు. నాలుగు చుట్లు, నిమిషంలో అంతా అయిపోతుంది. మట్టి మన ఒళ్లోకీ వస్తుంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ప్రతి రేసు కాగానే ప్రోగ్రాం పుస్తకంలో పెన్నుతో 3, 2, 1, 0 అని పాయింట్లు నింపుకున్నారు. చుట్టూ ఎంత గోల జరిగినా ఆయన గళ్లు తప్పలేదు.

సిడ్నీలో 1987లో పుట్టిన హోల్డర్ ఇంగ్లండులో ఐల్ ఆఫ్ వైట్, పూల్ జట్లలో ఎదిగి 2008లో ఇక్కడికి వచ్చాడు. ప్రపంచ విజేతను తేల్చే గ్రాండ్ ప్రి పోటీల్లో 2012 చివరి రౌండు ఇక్కడే జరిగింది. డెన్మార్క్ రైడర్ నిక్కీ పెడర్సన్‌ను వెనక్కి నెట్టి, సొంత క్లబ్బు జనం ముందు ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని కోవెంట్రీలో పడి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. 2015లో ఆయన ప్రాణస్నేహితుడు డార్సీ వార్డ్ పోలండ్‌లోనే జెలోనా గూరాలో రేసులో పడి నడక కోల్పోయాడు. హోల్డర్‌కు ప్రపంచ టైటిల్ మళ్లీ దక్కలేదు. అయినా బండి దిగకుండా ఏళ్ల తరబడి ఇదే మలుపు తిరిగాడు. నా మటుకు, ఆ టైటిల్ కన్నా ఇదే పెద్ద సంగతి.

జింజర్‌బ్రెడ్ మ్యూజియం పిల్లలుంటేనే వెళ్లండి. చివరగా ఒక జాగ్రత్త: వాన పడితే మట్టి ట్రాకు మీద పోటీ వాయిదా పడవచ్చు. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకుని, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అటూ ఇటూ అయ్యే టికెట్టు కొనుక్కోండి.