ఫోన్ లాక్కోవాలా, మాట నేర్పాలా?

పదో తరగతి పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుంటే ఆ రాత్రికి మనకు నిద్ర పడుతుంది. కానీ ట్యాంక్‌బండ్ మీద స్నేహితులంతా చుట్టూ చేరి "అంతగా అడుగుతున్నాడు, బైకెక్కు, ఏమవుతుంది?" అని గుచ్చుతుంటే మనం పక్కన ఉండం. అందుకే నేను మాట నేర్పడానికే మొగ్గాను.

మా అమ్మాయికీ నాకూ ఓ గుర్తుమాట ఉంది. "అమ్మా, నీలం చున్నీ ఇస్త్రీ చేశావా?" అని మెసేజ్ వస్తే, వెంటనే ఫోన్ చేసి "ఇప్పుడే ఇంటికి రా" అని గట్టిగా అరుస్తాను. నింద నా మీదకొస్తుంది, దాని పరువు నిలుస్తుంది. ప్రశ్నలు మర్నాడే. "నాకిష్టం లేదు" అని అద్దం ముందు పలికించాను కూడా. మొదట గొంతు పెగల్లేదు పాపం.

మగపిల్లాడికైతే "వద్దు" విన్నాక ఆగడమూ నేర్పాలి. 18 ఏళ్ల లోపు ఇద్దరికీ పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం అండ ఉంది. ఫోన్ చేతిలో ఉంటేనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయగలరు.